పాలు ఆగవు

మొదటి రోజు ఔలిస్ నాకు తాళంచెవి ఇవ్వలేదు.
పక్క సీట్లో కూర్చోబెట్టి
"కనిపించింది కనిపించినట్టు పైకి చెప్పు, సైమీ" అన్నాడు.
డిసెంబరు. సువోముస్సల్మిలో పొద్దున తొమ్మిదైనా
చీకటి ఇంకా గొంగళి దులుపుకోలేదు.
వెనక ట్యాంకులో పదకొండు వేల లీటర్ల పాలు,
ముందు లైట్లు కొరికినంత మేర మంచు.

"రోడ్డు" అన్నాను.
"అది నాకూ తెలుసు."
"చెట్లు."
"ఎన్ని?"
నవ్వాను. అతను నవ్వలేదు.

మూడు వారాలు దవడలు నొప్పెట్టేలా వాగాను.
తపాలా డబ్బా. దాని నెత్తిన మంచు లేదు,
ఇప్పుడే ఎవరో తుడిచారు, మనిషి దగ్గర్లోనే ఉన్నాడు.
కుడివైపు దిబ్బ మీద పొగ.
పొగ ఉంటే పొయ్యి, పొయ్యి ఉంటే ఇల్లు,
ఇల్లుంటే దాన్నుంచి దారి,
దారుంటే చూసుకోకుండా వెనక్కొచ్చే కారు.
ఎదురు లారీ తోక పట్టుకుని మంచు పొడి,
ఆ తెల్లటి దుప్పట్లో ఇంకొకడు దాక్కుని ఉండొచ్చు.
రెయిన్‌డీర్ ఒకటి దాటింది.
"దాటిపోయింది" అన్నాను.
"పోయినదాన్ని వదిలెయ్. రానిదాన్ని లెక్కపెట్టు."
ఆ మాట అయ్యేలోపే అడవి అంచున రెండు, వాటి వెనక ఐదు,
పిలవని పేరంటానికొచ్చినట్టు తాపీగా
మా లైట్ల మధ్యన నిలబడి
మా మొహాలు చూశాయి.

గాజు మంచు కంటికి దొరకదు, చెవికి దొరుకుతుందన్నాడు.
అద్దం రెండు వేళ్ళు దించాడు.
టైర్ల కింద తడిరోడ్డు సుయ్ సుయ్ మంటోంది,
సుయ్ మంటోంది,
ఉన్నట్టుండి ఊరుకుంది.
"పక్క గదిలో పసివాడి అలికిడి ఆగిపోతే
తల్లి ఏం చేస్తుంది?"
కాలు మెల్లగా పైకి తీశాడు.
బ్రేకుని ముట్టుకోలేదు.

అతని బండిలో రేడియో ఉండాల్సిన చోట
చెక్కముక్క బిగించి ఉండేది.
నేనడగలేదు.
హీర్వాసల్మి మలుపు దగ్గర, ఏ బోర్డూ లేని చోట,
ఎప్పుడూ ఇరవైకి దించేవాడు.
ఒకసారి తనే అన్నాడు:
"వాతావరణం వార్తల కోసం తిప్పాను. ఒక్క తిప్పు."
తర్వాత ఏడు కిలోమీటర్లు
నేను కూడా ఏమీ చెప్పలేదు,
అతను చెప్పమనలేదు.

జనవరిలో తాళంచెవి ఇచ్చాడు.
సగం ట్యాంకుతో కూడలి దగ్గర బండి ఆపాను.
ఆపాననుకున్నాను.
ఊపిరి తీసుకునేలోపు వెనక నుంచి పాలొచ్చి గుద్దాయి,
పొద్దుటి నుంచీ పితికిన ఆవులన్నీ
ఒక్కసారి తలలు వంచి కుమ్మినట్టు.
బండి గీత దాటి మూరెడు జారింది.
అప్పుడే, సరిగ్గా ఆ మూరెడు అవతల నుంచి,
ఒక ముసలామె స్లెడ్జి తోసుకుంటూ వెళ్ళిపోయింది.
మావైపు చూడను కూడా లేదు.
"బండి ఆగుతుంది, పాలు ఆగవు" అన్నాడు ఔలిస్.
"నువ్వు మోసేది నీకంటే ఆలస్యంగా ఆగుతుంది.
దాని కోసం ముందే ఆగడం మొదలుపెట్టాలి."
నా చేతులు వణుకుతున్నాయి.
ఫ్లాస్కు తీసి కాఫీ పోశాడు,
సగం కప్పే పోశాడు.

ఏప్రిల్లో రిటైరయ్యాడు. కేకు కోశారు, ఎవరో గడియారం ఇచ్చారు.
ఇప్పుడు ఒక్కదాన్నే వెళ్తాను, ఇంకా వాగుతూనే ఉంటాను.
పాల కేంద్రం కుర్రాళ్ళు నాకు పిచ్చి పట్టిందంటారు.
పట్టనీ.

నిన్న అతని ఇంటి ముందు నుంచి వెళ్తూ,
తపాలా డబ్బా, అన్నాను.
మనిషి. ముసలివాడు. ఉన్ని టోపీ.
చెయ్యెత్తుతున్నాడు. చెయ్యెత్తినవాడు అడుగు కూడా వెయ్యొచ్చు.
వేగం తగ్గించి
కిటికీలోంచి నేనూ చెయ్యి ఊపబోతే
చిరాగ్గా తల అడ్డంగా ఊపాడు,
వేలు చాపి చూపించాడు
నా ముందున్న రోడ్డుని.

రోడ్డు, అన్నాను.
ఎడమన చెట్లు. కుడివైపు దిబ్బ మీద పొగ.