ఏనుమాముల తొవ్వల

సెల్ఫు కొడితే
రెండు దగ్గులు, అంతే.
మిర్చి లారీల నడుమ
నా కారు మొండికేసింది.
వారం నుంచి లైట్లు గుడ్డిగ,
చూసి గూడ చూడనట్టున్న.

మొగిలి బానెట్ లేపి
టెర్మినల్ మీది తెల్లబూజును
వంటసోడా వేడినీళ్లతో కడిగిండు,
పసిదాని చెంపకు రాసినట్టు
వాజిలిన్ రాసిండు.
"చలి కాదన్నా, దీన్ని చంపేది మన ఎండ.
నీడకు పెట్టు.
వారానికొక్కసారన్న కాజీపేట దాక తిప్పు.
కిరాణం కొట్టుకే పోయొస్తే
సెల్ఫుకైన ఖర్చు గూడ వాపసు రాదు."

మీటర్ పెట్టి, కొట్టమన్నడు.
ముల్లు తొమ్మిది కిందికి జారింది.
"ఐదేండ్లాయె. ఇగ దీన్ని సతాయించకు."

పాతది తూకానికేసి
కొత్తదాని ధరల
ఆరువందల యాభై తీసేసిండు.

చచ్చినంక గూడ
నా బాకీల ఇంత కట్టింది.