రెండు నీళ్ళ దుంపలు

రాత్రే దుంపలు తొక్క తీసి
పల్చగా తరిగి
పెద్ద గిన్నెడు నీళ్ళలో వేస్తుంది అమ్మ.
తెల్లారి ఆ నీళ్ళు పారబోసి
కొత్త నీళ్ళలో ఉడికించి
అవీ పారబోస్తుంది.
"ఇంకేం మిగిలిందిలే ఇందులో" అంటాడు నాన్న
ఫోర్కుతో ఒక ముక్కని పక్కకి జరుపుతూ.

మిగలకూడదనే కదా.
రక్తపరీక్ష కాగితం మీద 'కె' అక్షరం,
దాని ఎదురుగా ఆరు పాయింటు రెండు.
కిడ్నీలు బయటికి పంపలేక
నెత్తుట్లో పేరుకుంటున్న లోహం.
ఇంకాస్త పెరిగితే
గుండె తన తాళం తనే మరిచిపోతుందట.

మా నాన్న కాండ్రాత్
సలిహోర్స్క్ నేల కింద నాలుగువందల మీటర్ల లోతున
ఇరవై ఏడేళ్ళు తవ్వింది దాన్నే.
"లోహం అనకు, ఉప్పు అను" అని సరిదిద్దుతాడు.
నిజమే. లోహంగా అది ఏ గనిలోనూ దొరకదు.
ఎర్రచార, తెల్లచార, మళ్ళీ ఎర్రచార,
ఉప్పులో ఊరిన పంది కొవ్వు ముక్కలా ఉండేది రాయి.
ఒకసారి కోటు జేబులో వేసుకొచ్చాడు.
నాకాను. ముందు ఉప్పన, వెనకనించి చేదు.
ఆ చేదు రాత్రి పాలు తాగినా పోలేదు.

లోహాన్ని నేను చూసింది బడిలో.
యద్వీహా ఫ్రాంత్సెవ్నా టీచరు
కిరసనాయిలు సీసాలోంచి పట్టకారుతో తీసి
చాకుతో కోసింది. వెన్న తెగినట్టు తెగింది.
కోసినచోట అద్దంలా మెరిసి
మేం 'అబ్బ' అనేలోపే మసిబారింది.
"చివరి గదిలో ఒక్కటే ఎలక్ట్రాన్ దీనికి,
ఎవరికిచ్చి వదిలించుకుందామా అని ఒకటే ఆరాటం"
అంటూ పెసరగింజంత ముక్క నీళ్ళలో వేసింది.
మునగలేదది. బుసకొట్టింది. కరిగి గుండ్రమైంది.
నెత్తిన ఊదారంగు మంట పెట్టుకుని
తొట్టి అంచుల వెంట పరుగులు తీసింది.
చివర టప్‌మని పేలి
పావ్లుక్ నోట్సు మీద ఒక చిల్లు.

ఇంటికొచ్చి చెబితే నాన్న నమ్మలేదు.
"మా గనిలో ఎన్నడూ మండలేదే?"

మండదు నాన్నా.
ఇవ్వాల్సింది ఎప్పుడో ఇచ్చేసింది,
మనుషులు లేనప్పటి సముద్రం ఇక్కడ ఎండిపోకముందే.
ఆ తర్వాత ఏ ఇంట అడుగుపెడితే ఆ ఇంటి గుణమే.
సురేకారమై తుపాకీమందులోకి వెళ్ళింది,
బూడిదనీళ్ళతో అమ్మమ్మ కాచిన సబ్బులోకి వెళ్ళింది,
నేను పుట్టినప్పుడు స్నానాల తొట్టిలో
పర్మాంగనేటు పలుకులు రెండు వేసి
నీళ్ళు గులాబీరంగు తేలాకే నన్ను దించారట.
నువ్వు తీసిన ఉప్పు గూడ్సుబళ్ళెక్కి, ఓడలెక్కి
నువ్వు పేరు పలకలేని దేశాల వరిమళ్ళలోకి పోయింది.
కొంత మాత్రం ఊరు దాటలేదు.
ప్రతి వసంతంలో గోనెసంచి విప్పి
దొడ్లో దుంపల సాళ్ళకి చల్లింది నువ్వే.

నిన్న అర్ధరాత్రి దాహమై లేచి వంటింట్లో దీపం వేశాను.
గిన్నెలో దుంపలు, కాస్త మసకేసిన నీళ్ళు.
చెప్పుల చప్పుడు.
నాన్న నా భుజం పట్టుకుని గిన్నె మీదికి వంగాడు,
"ఏదీ, మంట?"

దీపం ఆర్పితేగాని కనబడదన్నాను.
ఆర్పాడు.
కాసేపు అలాగే నిలబడ్డాం, ఇద్దరం, చీకట్లో.