ఎదురుగాలి, పదిహేను నాట్లు

శంషాబాద్ నుంచి కడపకి
నూట అరవై చిల్లర నాటికల్ మైళ్ళు.
షిఫ్టెక్కగానే నేను రాసే మొదటి అంకె అదే.

మా నాయనమ్మ దూరాన్ని చుట్టల్లో కొలిచేది.
"మహేశ్వరమా? రెండు చుట్టలు కాలేంత దూరం."
నాట్లు అంటే ఆమెకు వరినాట్లు.
నాకు గాలి.
ఎదురుగాలి పదిహేను నాట్లు, ఇంధనం ఇంత,
అక్కడ దిగలేకపోతే ఎటు మళ్ళాలో అదీ,
అన్నీ కలిపి గంటా ఐదు నిమిషాలు.
అత్తాపూర్ నుంచి ఈ కుర్చీ దాకా మాత్రం
ఆరాంఘర్ దగ్గర వాన పడితే
గంటా ఇరవై.

గీతకి అవతలి కొసన ఖాదర్‌వలీ సారు.
నాలుగేళ్ళుగా ఒక గొంతు, అంతే.
"ఏం హైదరాబాదూ, వదిలినావా?"
"వదిలాను కడపా, ఆరూ నలభైకి."
మళ్ళీ కాసేపటికి,
"దిగిందిలే. ఏడూ నలభైమూడు.
రెండు నిమిషాలు తప్పింది నీ లెక్క."
తప్పెప్పుడూ నా లెక్కదే,
గాలిని ఒక్కమాట అనేవాడు కాదు.

ఆ మిగిలిన రెండు నిమిషాల్లోనే
అన్నీ మాట్లాడుకున్నాం:
ఆయన మోకాలు, మా అపార్ట్‌మెంటుకి రాని మంజీరా నీళ్ళు,
తెల్లారుజామున రన్‌వే మీదికొచ్చి
ఎంత అదిలించినా కదలని నక్క,
చిన్నకూతురి కాన్పు.
ఒకసారి నల్లమల మీద మబ్బుల్లో
విమానం చక్కర్లు కొడుతుంటే
ఫోను పెట్టేయకుండా
ఇద్దరం ఏమీ మాట్లాడని
పదకొండు నిమిషాలు.

జూన్ ముప్పై ఆయన రిటైర్మెంటు.
ఒకటో తారీఖు జాబితాలో పేరు కనిపించింది.
ఏడు ఏ. కిటికీ పక్క.
ఇన్ని విమానాలు పంపిన మనిషి
ఎప్పుడైనా ఎక్కాడో లేదో
నేనెప్పుడూ అడగలేదు.

లోడ్ షీటులో పెద్దవాళ్ళెవరైనా డెబ్భై ఐదు కిలోలే.
పెళ్ళికి పోయేవాళ్ళయినా,
కంటి ఆపరేషనుకి వచ్చేవాళ్ళయినా,
మస్తాబుగా సెంటు కొట్టుకున్న కాంట్రాక్టరయినా.
ఆయన్నీ అంతే వేశాను.
కాసేపు పెన్ను పట్టుకుని కూర్చున్నాను గానీ
ఇంకెంత వెయ్యాలి?

కడప నుంచి కొత్త గొంతు, ఎవరో అమ్మాయి:
"మేడమ్, ఎనిమిదీ పన్నెండు, డిపార్టెడ్."
థాంక్యూ అన్నాను.
నక్క గురించి అడగాలనిపించింది. అడగలేదు.

తొమ్మిదింటికి కుర్చీ సుకన్యకి అప్పజెప్పి
చినుకుల్లో బే దాకా నడిచాను.
రెక్కల కింది పంకాలు నెమ్మదించి, ఆగి,
మెట్లు దిగారు అరవై మంది.
నేననుకున్న మనిషి పొడుగు, మీసాలు.
అలాంటివాడు ఎవరూ దిగలేదు.

చివర్లో ఒక పొట్టి మనిషి,
చేతిలో బట్టలకొట్టు కవరు,
కిందికి రాగానే ఆకాశాన్నీ చూడలేదు, ఊరినీ చూడలేదు,
గడియారం చూసుకున్నాడు.
ఫోను చెవికి పెట్టుకుని,
"ఆఁ, దిగినాం. గంటా ఏడు.
రెండు నిమిషాలు లేటు."

"ఎదురుగాలి సార్" అన్నాను వెనకనుంచి,
"పదిహేను నాట్లు."

తిరిగాడు.
మొహం కోసం కాదు, గొంతు వచ్చిన వైపుకి.
"హైదరాబాదూ" అన్నాడు.

మధ్య నాలుగడుగులు.
ఏం మాట్లాడాలో ఇద్దరికీ తోచలేదు.
బస్సు డ్రైవరు హారన్ కొట్టాడు.