మరగని బండి

జడ్చర్లల, జహంగీర్ షెడ్డు కింద
ఎనిమిది నెలలు పండుకున్నది మా కాంటెస్సా.
లేచేసరికి గుండె ఇసుజుది,
ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు,
అయిదో గేరు, రేడియేటర్‌కు కరెంటు ఫ్యాను.
బోనెట్‌ను మాత్రం ముట్టనియ్యలే నేను:
రెంచీతో నాయిన కొట్టిన సొట్ట అది.

"కర్నూలేంది, కన్యాకుమారి దాక పో అక్కా"
గ్రీజు చేతులు తుడుసుకుంట అన్నడు.

అడ్డాకుల దాటిన. సూది సగం కాడనే ఉన్నది.
ఎప్పుడూ పొగలు కక్కి ఆగే మలుపు
ఎనభైల ఎనుకకు పోయింది.
అద్దంల బాలకిష్టమ్మ చాయ్ డబ్బా,
చెంబుతోటి ఎదురొచ్చి
అట్లనే నిలబడ్డ ఆమె.

యూటర్న్ కాడ తిప్పిన.

"మల్ల మరిగిందా బిడ్డా?"
"బండి మరగలే అవ్వా, చాయ్ మరగనియ్యి."

నమ్మలే.
తడిచెయ్యి సొట్ట మీద పెట్టి చూసింది,
జరం చూసినట్టు.