పన్నెండో తుమ్ము

కాజీపేటలో దిగేసరికి నాలుగున్నర.
"ఇడ్లీనా? గిప్పుడేడ దొర్కుతది, కూసో సార్"
ఆటో ఓదెలు నన్ను ఎనుమాముల మిర్చి యార్డుకి తోలాడు.
విజయనగరం నోరు నాది, సర్వపిండి పేరే వినలేదు.

బస్తాల గుట్టల మధ్య, ఫోను వెలుగులో
కొమురమ్మ గిన్నెకంటిన పిండిని గీకి లేపింది:
వేలితో పెట్టిన చిల్లులు, తేలిన పల్లీలు, మాడిన అంచు.
హమాలీలు నిలబడే తింటున్నారు.

గాలి తిరిగింది.
ఒకటి కాదు, పదకొండు తుమ్ములు.
కళ్ళు ధారలు.

"ఎవలన్న పోయిండ్రా బిడ్డా?"
చెప్పబోతే పన్నెండోది.
ఆమె ఇంకో ముక్క పెట్టింది, పైసలొద్దంది.

పెద్దపల్లి దాకా పంటి సందున పల్లీ బద్ద.
నాలుకతో దాన్ని కదుపుతూ
నిజంగానే ఎవరు పోయారని వెతుక్కుంటే
ఒకరున్నారు.
ఆవిడకీ కారమంటే ప్రాణం.