సుడి, సుళి, ఇంకొకటి

మేనేజరు కాయితం ఇచ్చాడు, రెండు గళ్ళు గీసి.
ఎడమ గడి బెంగళూరు, కుడి గడి చెన్నై.
ఒకే కంపెనీ, ఒకే నక్షా, ఒకే కొలిమి ఇనుము,
ఆరేళ్ళ ఎడంతో పుట్టిన అక్కాచెల్లెళ్ళు.
"పోల్చి రాయి గంగులప్పా, ఉన్నదున్నట్టు."

నేను కనకపుర రోడ్డు దానికి
పదకొండేళ్ళుగా గ్రీజు పెడుతున్నవాణ్ణి.
దాని బోర్డు మీద కన్నడంలో సుళి.
మా హోసూరు ఇంట్లో సుడి అంటాం.
చెన్నైలో అదే మాటని
నాలుక వెనక్కి మడిచి
నేతిలో జార్చినట్టు పలుకుతారు.
ఆ అక్షరం మనకూ ఉండేదట ఒకప్పుడు.
ఎక్కడ పారేసుకున్నామో,
దాని చోట డ పెట్టుకుని కానిచ్చేస్తున్నాం
ఊడిన నట్టు చోట తీగ చుట్టినట్టు.

మూడు వారాలు అక్కడే ఉండి కొలిచాను.
ఎత్తు ఇక్కడ ముప్పై రెండు మీటర్లు. అక్కడా అంతే.
ఒక చుట్టు నలభై ఏడు సెకన్లు. అక్కడా అంతే,
మిట్టమధ్యాహ్నం గ్రీజు పలచబడితే నలభై ఆరు.
ఇక్కడ ఎర్రదుమ్ము, గుడ్డతో తుడిస్తే పోతుంది.
అక్కడ సముద్రం.
రాత్రి తుడిచిన బోల్టు
తెల్లారేసరికి ఉప్పు మీసం పెంచుకుని ఉంటుంది.

పొద్దున తొమ్మిదికి ఇక్కడ పిల్లలు
స్వెట్టర్లోంచి చేతులు బయటికి తియ్యరు,
కమ్మీ పట్టుకోమని బతిమాలాలి.
అక్కడ సీటు కాలి, కూర్చున్నవాళ్ళు లేచి నిలబడతారు.
ఎళిలరసి మగ్గుతో నీళ్ళు చల్లి
ఒక్కొక్కరినీ మళ్ళీ కూర్చోబెడుతుంది.

ఎళిలరసి అక్కడి ఆపరేటరు.
ఆమె పేరులోనూ ఉంది ఆ అక్షరం.
మూడు వారాలూ తప్పే పలికాను.
"పోనీ, అరసి అనండి చాలు" అంది చివరికి,
జాలిపడి.

కింద కట్టిన వలల్లో దొరికినవి:
ఇక్కడ మంకీ టోపీలు, చెవుల్లో పెట్టుకునే తెల్ల గుళికలు,
ఒక ఆఫీసు గుర్తింపు కార్డు.
దాని కోసం ఎవరూ రాలేదు.
అక్కడ మల్లెల మూరలు, కళ్ళజోళ్ళు,
ఒక పైవరస పళ్ళసెట్టు.
దాని తాత బోసినోటితో నవ్వుకుంటూ వచ్చి
కడిగించుకుని మరీ పట్టుకెళ్ళాడు.
వీటికి గడి లేదు కాయితంలో.

ఇంకోటి కూడా ఉంది.
మనది మూడో మలుపులో మూలుగుతుంది.
పాత బేరింగు. ప్రమాదమేం లేదు, పరీక్షలన్నీ పాసే.
టిక్కెట్టు కొన్న భయం మీద
అది కొసరు.
చెల్లెలికి ఆ గొంతు లేదు,
నున్నగా పోతుంది, నున్నగా వస్తుంది.

తిరిగొచ్చాక క్యాంటీన్లో తెలిసింది.
తయారుచేసిన కంపెనీ మూతపడిందట.
ఒకదాన్ని విప్పి రెండోదానికి విడిభాగాలు చేస్తారట.
చెయ్యి కడుక్కోకుండానే వెళ్ళి కాయితం తీశాను.
ముప్పై రెండు, ముప్పై రెండు.
నలభై ఏడు, నలభై ఏడు.
పెళ్ళిచూపుల్లో ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి
జడలు కొలిచినవాణ్ణి నేనే.

అడుగున 'ఇతర విషయాలు' అని ఒక్క గీత.
మూలుగు సంగతి రాస్తే లోపం.
రాయకపోతే అబద్ధం.
పెన్ను చెవి మీద పెట్టుకుని
ఆఖరి జనం పోయేదాకా కూర్చున్నాను.

లైట్లు ఆర్పేశాక
ఖాళీ బండిని ఒక చుట్టు వదిలాను,
ఫోను గాల్లోకి ఎత్తి పట్టుకుని.
అటువైపు అరసి. ఎందుకని అడగలేదు.
మొదటి మలుపు. రెండో మలుపు.
మూడో దగ్గర
ఇనుము గొంతు వెనక్కి మడుచుకుని
సన్నగా, నేతిలో జారినట్టు.

కాసేపు ఏమీ వినపడలేదు.
తర్వాత అంది,
"మీకు రాని అక్షరం దానికి వచ్చు కదండీ."
ఆ వెంటనే,
"మళ్ళీ ఒకసారి."

మళ్ళీ వదిలాను.