ఈపు మీద మస్టరు

నాకు ముందు పుట్టినోల్లు ఇద్దరు పోయినారట.
నన్ను సేటలో పడుకోబెట్టి
ఎదురింటి ముసల్దానికి గుప్పెడు తవుడుకి అమ్మీసి
మల్లీ కొనుక్కున్నారు. అందుకే తవిటమ్మ.
సావుకి కనబడకుండా పెట్టిన పేరది.
బొబ్బిలిలో కంట్రాక్టరుకీ కనబడనేదు.

షెడ్డులో పదకొండేల్లు.
ఇత్తడి గొల్లేలు, కుళాయి తలకాయలు
తీగకి గుచ్చి తొట్టిలో ముంచడం,
తియ్యడం, కడగడం, రంపప్పొట్టులో దొర్లించడం.
తొట్టిలో నీల్లు ఎంత అందంగా ఉంటాయనుకున్నావు,
గోలీసోడా సీసా పచ్చ.
ఎవలో పెల్లికి కలిపినట్టు.

మొదటేడు ఏటీ నేదు. రెండో ఏడూ ఏటీ నేదు.
గ్లౌజులు ఒక జత ఇచ్చినారు, బొటనేలు కాడ సిల్లు.
ఆ సిల్లులోంచి తొట్టి లోపలికొచ్చీది
సుట్టం వొచ్చినట్టు.
పదేల్లు నా ఒల్లు దానికి పీటేసింది.

పదకొండో ఏడు ఆషాడంలో
ఏల్ల సందుల్లో దురద. ఆవాల్లాంటి పొక్కులు.
పసుపు రాసినాను. ఏపాకు నూరినాను.
అమ్మోరన్నారు, సల్ది పెట్టినాను.
అమ్మోరు కాదు.
మేస్త్రీ గవర్రాజు అన్నాడు,
"అందరూ ముంచుతున్నారు, నీకొక్కదానికే ఏటి?"
అదే నాకూ తెల్దు.
పక్క తొట్టి పారమ్మకి సిన్న మచ్చ కూడా నేదు.

తరవాత రవిక హుక్కులు కరిసినాయి. పిన్నీసు కరిసింది.
మెల్లో గిల్టు తాడు కింద
ఎర్రగా ఇంకో తాడు.
తాలంసెవి, గరిట కాడ, బస్సులో కడ్డీ.
పని మానీసినాక కూడా!
పని మానితే రోగం మానతాదనుకున్నాను నాను.

ఇజీనారం పెద్దాస్పత్రిలో డాక్టరమ్మ, సిన్నపిల్ల,
నా ఈపు మీద వరసగా బిల్లలు అంటించి
పెన్నుతో నంబర్లేసింది.
"రెండ్రోజులు స్నానం వద్దు, చెమట పట్టనీకు."
మే నెల్లో!
ఇద్దరికీ నవ్వొచ్చింది.

పీకి సూసింది. ఇంకో రెండ్రోజులాగి మల్లీ సూసింది.
అన్ని గడులూ సల్లగా పడున్నాయి, ఆరోది తప్ప.
నా ఈపు నాకు కనబడదు కదా,
ఫోనులో ఫొటో తీసి సూపించింది:
ఎర్రగా ఉబ్బి, అంచుల్తో సహా,
ఏలిముద్ర ఏసినట్టు.

"నా ఒల్లు అంత నీరసమా అమ్మా?"
"నీరసం కాదు, కాపలా.
పెరట్లో కుక్క ఒకసారి దొంగ వాసన పట్టిందనుకో,
ఆ చొక్కా తర్వాత ఎవరు తొడుక్కున్నా మొరుగుతుంది."
"ఎన్నాల్లు మొరుగుతాది?"
ఆయమ్మ కాయితం మీద రాసుకుంటూ ఉండిపోనాది.

ఆ కాయితం పట్టుకుని షెడ్డుకెల్లినాను.
గుమస్తా మస్టరు తిరగేసినాడు.
ఒక పుస్తకం. దాని కింద ఇంకో పుస్తకం.
"తవిటమ్మని ఇక్కడ ఎవలూ పంజెయ్యనేదే."
పీఎఫ్ నేదు, చీటీ నేదు, ఫొటో కార్డు నేదు.
నాను గోడకేసి తిరిగి
రవిక ఎనక్కి జార్చి నిలబడ్డాను.
అప్పటికి మచ్చ కాస్త వాడినాది గాని కనబడతాది.
"ఆరో గడి సూడు బాబు.
పదకొండేల్లు, ఒక్క నాగా పోకుండా రాసుకున్నాది."
ఆడు తల దించీసుకున్నాడు.
ఫేను తిరిగింది.
మస్టరు కాయితాలు వాటంతటవే రెండు తిరగబడ్డాయి.
ఏటీ ఇవ్వనేదు.

ఇప్పుడు సంతలో పనసతొనలమ్ముతాను.
సిల్లర ముట్టుకోను.
ఫోను కొట్టే బొమ్మ బుట్టకి కట్టినాను.
"తవిటమ్మ బలే ఫేషనైపోనాదే" అంటారు,
నవ్వీసి ఊరుకుంటాను.
ఐదు రూపాయల బిల్ల ఇచ్చీవోల్లకి
కొబ్బరి సిప్ప సూపిస్తాను, అందులో వెయ్యమని.
టక్కుమంటాది.
నా ఏల్లు ఆ సప్పుడికే ముడుసుకుంటాయి.

ఇయ్యాల పొద్దున్న పారమ్మ వొచ్చింది.
తొనలు బేరమాడనేదు.
బుట్ట పక్కన గొంతుక్కూర్చుని
ఏల్లు ఎడంగా సాపింది.